మాగి చలి... కరెంటు లేని రాత్రి

ధర్మవరం... పెనుకొండ... హిందూపురం! బెంగళూరు రైలెక్కితే వరసగా పలకరించే ఊళ్లు. మొదటిది పట్టుచీరలకు పేరు. రెండోది రాయల నాటి కోటకు. మూడోది పట్టుగూళ్లకూ చింతపండుకూ. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉన్న ఈ మూడూ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోవి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే కరువు నేల ఇది. తీగల మీద మంచు పేరుకుని కరెంటు స్తంభాలు విరిగిపడటాన్ని ఇక్కడి వాళ్లు టీవీలో చూడాల్సిందే.

కానీ, కార్తీకం వెళ్లేవేళకు బంగాళాఖాతంలో వాయుగుండం పడితే చాలు. మూడు రోజులు ముసురు. ఈదురుగాలి. ఎక్కడో చింతకొమ్మ విరిగి తీగ మీద పడుతుంది. ఊరు చీకటవుతుంది. పెట్టెల్లోంచి కంబళ్లు బయటికొస్తాయి. పెరట్లోంచి కుంపటి లోపలికొస్తుంది. తలుపు మూసుకుంటుంది. సరిగ్గా ఇక్కడే... మంచు తుపానులో చిక్కుకున్న టెక్సాస్ ఇల్లూ, హిందూపురం పక్క పల్లెలోని పురుగుల షెడ్డూ ఒకటైపోతాయి. ఎలాగో చూడాలంటే ధర్మవరం నుంచే మొదలుపెట్టాలి.

మగ్గం గుంతలో నీళ్లు

ధర్మవరం వీధుల్లో నడిస్తే గడపగడపకూ మగ్గం చప్పుడే. క్రియాశక్తి ఒడయరు చెరువు కట్టించి, తల్లి ధర్మాంబ పేరున ఊరు వెలయించాడని చెబుతారు. ఇక్కడి చేనేత పట్టుచీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. చీర సంగతి దేశమంతా తెలుసు. దాన్ని నేసే గుంత సంగతే బయటివాళ్లకు అంతగా తెలియదు. నేతగాడు నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుంటాడు. కాళ్లతో పలకలు తొక్కుతూ, చేత్తో నాడె విసురుతూ రోజుల తరబడి ఒక్క చీర నేస్తాడు. ముసురు పట్టిందంటే గోడ కింద నుంచి ఊట మొదలై గుంతలో నీళ్లు నిలుస్తాయి. పడుగు తేమ పడుతుంది. పోగు బిగువు మారుతుంది. మగ్గం ఆగిపోతుంది.

కరెంటుతో పనిలేని మగ్గమే కదా అనుకుంటే పొరపాటు. ఇరుకింట్లో పట్టపగలు కూడా మగ్గం నెత్తిన లైటు ఉండాల్సిందే. ఇప్పుడు జాకార్డును ఎత్తడానికి మోటార్లు వచ్చాయి. దారం పేనే యంత్రాలున్నాయి. నేల తడి, గుంతలో నీళ్లు, పైన వేలాడే వైరు, పక్కన మోటారు... ఈ నాలుగూ ఒకచోట చేరాక కరెంటు పోతే అది విశ్రాంతి సమయం కాదు. ఏ అర్ధరాత్రో కరెంటు తిరిగొచ్చేసరికి ఎవరో నీళ్లు తోడటానికి గుంతలోకి దిగి ఉండవచ్చు. అందుకే కరెంటు పోగానే మగ్గం మోటారు స్విచ్చి కాదు, ఇంటి మెయిన్ దించాలి. గుంత ఆరాకే ఎత్తాలి. ఆ ఇంటికి చౌకలో దొరికే కాపలాదారు ఎర్త్ లీకేజీ బ్రేకరు. కరెంటు 30 మిల్లీయాంపియర్ల మేర దారి తప్పినా రెప్పపాటులో సరఫరా కోసేస్తుంది. పాత వైరింగు ఇళ్లలో ఫ్యూజు ఉందిగా అని ధీమా. ఫ్యూజు వైరింగు కాలిపోకుండా కాపాడేది. మనిషి ఒళ్లు గుండా పారే కొద్దిపాటి కరెంటుకు అది తెగనే తెగదు.

ఇక దీపం. రేషన్ కిరోసిన్ ఆగి ఏళ్లయింది. బుడ్డిదీపాల స్థానంలో కొవ్వొత్తులొచ్చాయి. పట్టు త్వరగా అంటుకోదు. ఉన్ని మాదిరే అదీ జంతువు నుంచి వచ్చిన పోగు, మంట తీసేస్తే తనే ఆరిపోవడం దాని గుణం. నేత ఇంట్లో పట్టు ఒక్కటే ఉండదు కదా! జాకార్డు అట్టల దండలున్నాయి, కొయ్య చట్రాలున్నాయి, నూలు పోగులున్నాయి, ప్లాస్టిక్ సంచులున్నాయి. వాటి మధ్య కొవ్వొత్తి పెట్టి నిద్రపోవడం కన్నా చీకట్లో పడుకోవడం మేలు. రెండు మూడొందలు పెడితే చార్జింగు లైటు వస్తుంది. ఊరంతా ఫోన్లో టార్చి వేసుకుని తిరుగుతుంది గానీ, ముసురు రాత్రి ఆ చార్జింగు ఒక్క ఫోన్‌కాల్ కోసం అట్టిపెట్టుకోవాల్సిన సరుకు.

తెగిన తీగ చచ్చిందనుకోవద్దు

ధర్మవరం దాటి పెనుకొండ వైపు సాగితే చిత్రావతి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప నీరు కనిపించని ఏరు. 2021 నవంబరు 19న అదే ఏరు ఉప్పొంగింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర నీటి మధ్య చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టరు వచ్చి బయటికి తీయాల్సివచ్చింది. కరువు సీమకు చలికాలపు తుపాను కొత్త కాదని గుర్తుచేసిన రోజది.

వాన జోరుగా పడితేనే కరెంటు పోతుందనేమీ లేదు. ఇక్కడి తమాషా ఏమిటంటే, సన్నటి తుంపరకే పోతుంది! నెలల తరబడి ఎండలో స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్లకు దుమ్ము పట్టి ఉంటుంది. ఎండినంతసేపూ ఆ దుమ్ము బుద్ధిగానే ఉంటుంది. తుంపర పడితే తడిసి కరెంటుకు దారిస్తుంది. 11 కేవీ తీగ నుంచి స్తంభానికి మెరుపులా నిప్పు దూకుతుంది, సబ్‌స్టేషన్లో బ్రేకరు పడిపోతుంది. గట్టి వానైతే ఆ దుమ్మును కడిగేసి పుణ్యం కట్టుకుంటుంది.

పెనుకొండలో కొండను కోట చుట్టుకుని ఉంటుంది. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక హంపీని వదిలిన తిరుమలరాయలు రాజధానిని చేర్చింది ఇక్కడికే. గగన్‌మహల్, బాబయ్య దర్గా చూడటానికి వచ్చేవాళ్లు కొండ మీద నుంచి ఓసారి చుట్టూ చూస్తే... ఒకవైపు జాతీయ రహదారి, యర్రమంచి దగ్గర 2019లో ఉత్పత్తి మొదలైన కియా కార్ల కర్మాగారం, ఎటు చూసినా పొలాల మీదుగా పారే కరెంటు తీగలు. నాలుగు శతాబ్దాల కిందట ఈ కొండకు గాలి అంటే గాలే. ఇప్పుడు గాలి వీస్తే ఫోన్లు మోగుతాయి... ‘కరెంటు ఎప్పుడొస్తుందన్నా?’ అని.

గాలివాన వెలిసిన పొద్దున పొలం గట్టున తీగ తెగి పడి ఉంటుంది. ఊరికి కరెంటు లేదు కాబట్టి తీగలోనూ లేదనుకుంటారు. రెండు విధాలా తప్పే. పొడినేల మీద, రాళ్ల మీద తీగ పడితే సబ్‌స్టేషను బ్రేకరుకు ఆ సంగతి తెలియకపోవచ్చు. తీగ బతికే ఉంటుంది. బ్రేకరు పడినా, లైను నిలుస్తుందేమో చూద్దామని ఆపరేటరు మళ్లీ సరఫరా ఇచ్చి చూడటం మామూలే. అప్పటిదాకా చచ్చిన తీగ ఆ క్షణాన లేస్తుంది. తీగ పడిన చోటు నుంచి నేల మీద వోల్టేజీ చెరువులో అలలాగా చుట్టూ తగ్గుతూ పోతుంది. ఒక కాలు ఎక్కువ వోల్టేజీ మీద, రెండో కాలు తక్కువ వోల్టేజీ మీద పడితే కరెంటు కాళ్ల గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరమెక్కువ కాబట్టి ఎద్దు, ఆవు ముందు పడిపోతాయి. పశువును లేపబోయి మనిషి వెంటే పడతాడు. పది మీటర్లకు ఇవతలే ఆగిపోవడం, 1912కు ఫోన్ చేయడం, పిల్లలనూ పశువులనూ అటు పోనీకుండా ఒకరు కాపలా ఉండటం... చేయదగినవి ఇవే. పొరపాటున దగ్గరికి పోయి ఉంటే అంగలు వేయకూడదు. రెండు పాదాలూ ఆనించి, నేల మీంచి ఎత్తకుండా జరుపుకుంటూ వెనక్కి రావాలి.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఏబీ స్విచ్చి దించి, తామే ఫ్యూజు వేసుకునే రైతుల తెగువ వేరే కథ. లైన్‌మన్ వచ్చేలోగా పంట ఎండుతుందన్న బాధ అబద్ధం కాదు. అయితే, తుప్పు పట్టిన స్విచ్చిలో మూడు బ్లేడ్లకు రెండే ఊడి, మూడోది అంటుకునే ఉండిపోవడం ఉంది. కింద నిలబడినవాడికి అది కనిపించదు. లైన్‌మన్ అయినా సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోకుండా స్తంభం ఎక్కడు. ఆ జాగ్రత్త ఎన్ని ప్రాణాల మీద నేర్చుకున్నదో ఆ శాఖకు తెలుసు.

హిందూపురంలో నిప్పు కథ

పెనుకొండ నుంచి రైలు ఎత్తెక్కుతూ పోతుంది. ధర్మవరంతో పోలిస్తే హిందూపురం రెండొందల మీటర్లకు పైగా ఎగువన ఉంటుంది. చలి తేడా స్టేషన్లో దిగగానే తెలుస్తుంది. పల్లెల్లో మాగి అని పిలిచే ఈ కాలంలో రాత్రి 12, 13 డిగ్రీలకు దిగే రోజులున్నాయి. మనిషికి ఓ కంబళి చాలు. పట్టుపురుగుకు చాలదు!

హిందూపురం, లేపాక్షి, చిలమత్తూరు, మడకశిర... ఈ పట్టున మల్బరీ తోట లేని పల్లె అరుదు. కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. ఊళ్లో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది. గుడ్డు పగిలిన నాటి నుంచి గూడు అల్లేదాకా పాతిక రోజుల పైచిలుకు పంట. నాలుగు ‘జ్వరాలు’ దాటాలి... అంటే పురుగు నాలుగుసార్లు తిండి మాని కుబుసం విడవాలి. చాకీ పురుగులకు 27, 28 డిగ్రీల వేడి కావాలి. పెద్ద పురుగులకు 24, 25. అంతకు తగ్గితే మేత తినవు, పంట రోజులు సాగుతాయి, గూడు పలచబడుతుంది. హీటరు ఉన్నవాళ్లు హీటరు పెడతారు. కరెంటు పోయిందా... ఇక బొగ్గుల కుంపటే. తీసుకున్న అప్పంతా ఆ తట్టల్లో పాకుతూ ఉంటే రైతు ఇంట్లో పడుకుని నిద్రపోగలడా? షెడ్డులోనే ఓ మూల మంచం వేసుకుంటాడు. చలిగాలి రాకుండా కిటికీలకు గోనెపట్టాలు కడతాడు.

ఇక్కడే తరతరాలుగా ఒక నమ్మకం మోసం చేస్తోంది. పొగ వస్తేనే ప్రమాదమని, పొగ పోయి ఎర్రగా కణకణలాడే నిప్పు క్షేమమని! బొగ్గులను ఆరుబయట రాజేసి, పొగ పోయాకే లోపలికి తెస్తారు. తెలిసినవాళ్లు చేసే పనిలాగే ఉంటుంది. కానీ అసలు విషం పొగలో లేదు. గాలి చాలక కాలే బొగ్గులోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు. వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. నెత్తురులో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి. తర్వాత కడుపులో తిప్పడం, కళ్లు తిరగడం, కాళ్లలో సత్తువ లేకపోవడం. మెలకువగా ఉన్నవాడు పైత్యం అనుకుంటాడు. నిద్రలో ఉన్నవాడికి ఆ అనుకోవడం కూడా ఉండదు.

షెడ్డుల్లోనే కాదు. బాలింత గదిలో కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి, తలుపులు బిగించే ఇళ్లున్నాయి. ఆ గదిలో ఉండేవాళ్లు గాలి మీదే బతికే పసిగుడ్డూ, లేవలేని తల్లీ. పాత మిద్దెల్లో పొగ పోవడానికి గవాక్షి ఉండేది. కొత్త ఇళ్లలో అల్యూమినియం కిటికీలు గాలి చొరనివ్వవు. కుంపటి మాత్రం పాతదే. కరెంటును నమ్ముకోలేక కొనే గ్యాస్ గీజరుదీ ఇదే తంతు. చలికని కిటికీ మూసిన చిన్న స్నానాలగదిలో పది నిమిషాలు చాలు.

టెక్సాస్ మంచులో తెలుగు ఇళ్లు

హిందూపురం నుంచి బెంగళూరు రెండు మూడు గంటల దూరం. అక్కడి నుంచి అమెరికా మరీ దూరమేమీ కాదిప్పుడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచు తుపాను ముంచెత్తినప్పుడు డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 45 లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. అంతకుముందు 1998 జనవరిలో కెనడాలోని క్యుబెక్‌లో ఇంకో తరహా విపత్తు. పైన వెచ్చటి గాలి, నేల దగ్గర సున్నా కన్నా కింద చలి. ఆకాశం నుంచి నీరుగానే దిగిన చుక్క తీగను తాకి గాజులా గడ్డకట్టింది. ఆ బరువుకు వెయ్యికి పైగా ఉక్కు టవర్లు కూలాయి. కొన్నిచోట్ల కరెంటు రావడానికి నెల దాటింది.

టెక్సాస్ ప్రభుత్వం తేల్చిన లెక్కలో మృతులు 246 మంది. వారిలో 161 మంది చలికి గడ్డకట్టి పోయినవారు. ఇది మన మాగి కాదు మరి. కానీ అదే జాబితాలో 19 మంది కార్బన్ మోనాక్సైడ్‌కు, 10 మంది మంటలకు బలయ్యారు. మాంసం కాల్చే బొగ్గుల పొయ్యి వంటింట్లోకి తెచ్చుకోవడం, మూసిన గరాజ్‌లో కారు ఇంజను ఆన్‌చేసి వెచ్చదనం కోసం కూర్చోవడం, జనరేటరు ఇంట్లోనే పెట్టుకోవడం... తుపానుల్లో అక్కడ మనుషులు చేసే పొరపాట్లివి. చదువూ సంపదా ఉన్న దేశమది. గోనెపట్టా కట్టిన షెడ్డులో కుంపటి ముందు కూర్చున్న రైతును చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు.

తేడా ఒక్కటుంది. అక్కడి ఇళ్లలో ఆ వాయువును పసిగట్టి కూతపెట్టే చిన్న పెట్టె వాడకంలో ఉంది. మనకు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది గానీ కొనేవాళ్లు తక్కువ. కోవిడ్ రోజుల్లో కొన్న వేలికి తగిలించే ఆక్సీమీటరు ఉందిగా అంటారేమో! అది ఈ విషయంలో అబద్ధమాడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న నెత్తురును కూడా ప్రాణవాయువు నిండినట్టే చదివి 98 చూపిస్తుంది. నమ్మాల్సింది మరో గుర్తును. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల పోటెత్తితే అది చలి కాదు, తిండి కాదు. తలుపులు బార్లా తీసి, అందరూ బయటికి వచ్చి, 108కు ఫోన్ చేయాలి. కుంపటి ఆర్పడం ఆ తర్వాత సంగతి.

షెడ్డుకు వేడి కావాల్సిందే, మరెలా? నిప్పు లోపలున్నంతసేపూ పైకప్పు దగ్గరి కిటికీలు తెరిచే ఉండాలి. వేడి కొంత పోతుంది, పోనివ్వాలి. గాలి ఆడకపోతే పురుగుకూ చేటే. మనిషి లోపల పడుకోకూడదు. గంటకోసారి వచ్చి చూసుకునేవాడికి నిద్ర కరవు, అంతే.

ఇన్వర్టరు ఇల్లు, జనరేటరు అంగడి

కోత వేరు, ఈ అంతరాయం వేరు. 2012-13లోనూ, 2022 ఏప్రిల్‌లోనూ పరిశ్రమలకు పవర్ హాలిడేలు వచ్చినప్పుడు ఏ రోజు కరెంటుండదో ముందే తెలుసు. గాలివాన చెప్పి రాదు. ఊళ్లలో ఇన్వర్టర్లు పెరిగింది అందుకే. 150 ఏహెచ్ బ్యాటరీతో రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు ఐదారు గంటలు నడుస్తాయి. చలికాలం ఫ్యాన్లు ఆపితే రెండు రాత్రులు లైట్లకు ఢోకా లేదు. హీటరు తగిలిస్తే గంట కూడా రాదు. చార్జింగులో ఆ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. దాన్ని దేవుడి గూటి కింద, దీపం పక్కన పెట్టే ఇళ్లు లేకపోలేదు!

డాబా మీద సోలారు పలకలున్న ఇంటికి మరో ఆశ్చర్యం. కదిరి అవతల నంబులపూలకుంటలో వందల మెగావాట్ల సోలారు పార్కు ఉన్న జిల్లా ఇది. అయినా లైను పోతే, పట్టపగలు ఎండ కాస్తున్నా, గ్రిడ్డుకు కలిపిన ఇంటి సోలారు కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు. తీగ మీద పనిచేసే లైన్‌మన్‌కు ఆ ఇంటి నుంచి కరెంటు ఎదురు రాకుండా చేసిన ఏర్పాటు. జనరేటరుకు ఆ బుద్ధి లేదు. చేంజోవర్ స్విచ్చి లేకుండా దాన్ని ఏదో సాకెట్టుకు తగిలిస్తే కరెంటు మీటరు దాటి వీధి తీగలోకి, ట్రాన్స్‌ఫార్మరులోకి తిరగబడి, పదకొండు వేల వోల్టులై పైకెక్కుతుంది. ఎల్‌సీ తీసుకుని నిశ్చింతగా స్తంభం మీదున్నవాడిని అది తాకుతుంది. అంగడి వెనక సందులో జనరేటరు పెట్టి షట్టరు సగం దించడమూ కుంపటి కథే.

నీళ్ల సంగతి ఆడవాళ్లకే ముందు గుర్తొస్తుంది. బోరైనా, మెట్టుమెట్టుగా ఎత్తిపోస్తే వచ్చే కృష్ణా నీరైనా కరెంటుంటేనే కుళాయిదాకా చేరేది. వాయుగుండం వార్త వినగానే డ్రమ్ములు, బిందెలు నింపుకోవడం ఇక్కడి ఇల్లాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఫ్రిజ్ తలుపు ఊరికే తీయకపోతే లోపలి చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. వాడకంలో ఉన్న ఇన్సులిన్ సీసా 30 డిగ్రీల లోపు నాలుగు వారాలదాకా చెడదు. కాబట్టి చలికాలపు రాత్రి దాని గురించి కంగారు అక్కర్లేదు.

కరెంటు వచ్చాక మరో పది నిమిషాల పని ఉంటుంది. మోటార్లన్నీ ఆటోస్టార్టర్ల మీద ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలి, వచ్చిన కరెంటు మళ్లీ పోతుంది. మూడు ఫేజులూ వచ్చాయో లేదో చూసుకుని, ఒకరి తర్వాత ఒకరు మోటారు వేసుకునే పల్లెల్లో ఆ బాధ తక్కువ. ధర్మవరంలో గుంత ఆరేదాకా మగ్గం ఎక్కరు. హిందూపురం పల్లెల్లో షెడ్డు కిటికీలకు గోనెపట్టాలు విప్పి, బూడిద ఎత్తిపోసి, తెల్లవారుజాము మేతకు మల్బరీ తోటలోకి కొడవళ్లతో బయల్దేరతారు.